మాంబా: కొండచరియ మీది మొక్కను కోసుకొచ్చే డ్రోన్ చేయి

హవాయి దీవుల్లో ఒకటైన కావాయిలో, సముద్రం మీదికి నిట్టనిలువుగా లేచిన కొండచరియల పైన, మేకలు కూడా ఎక్కలేని చోట్ల మాత్రమే మిగిలిపోయిన మొక్కలు ఉన్నాయి. అవి అక్కడే మిగలడానికి కారణం కూడా అదే: బయటివారు తెచ్చి వదిలిన మేకలు అందినంత మేరా మేసేశాయి, పరాయి మొక్కలు మిగతా నేలను ఆక్రమించాయి. ఇటువంటి మొక్క నుంచి విత్తనమో కొమ్మో తీసుకురావాలంటే వృక్షశాస్త్రజ్ఞులు నడుముకు తాడు కట్టుకొని చరియ మీదికి దిగవలసి వచ్చేది. తాడు కూడా చేరలేని చోటైతే ఆ మొక్కను వదులుకోవలసిందే. ఆ దీవిలోని నేషనల్ ట్రాపికల్ బొటానికల్ గార్డెన్ కోసం కెనడాలోని క్యుబెక్‌కు చెందిన అవుట్‌రీచ్ రోబోటిక్స్ బృందం తయారుచేసిన మాంబా అనే పరికరం ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినది. 2022లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చిన పరిశోధనపత్రం, బయటికి వచ్చిన వీడియోలు ఈ సమీక్షకు ఆధారం.

మాంబా విలువ తెలియాలంటే ముందు మామూలు కెమెరా డ్రోన్ ఎంతవరకు పనికొచ్చిందో చూడాలి. కెన్ వుడ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1991లో కావాయిలోని కలలావ్ లోయలో మందార కుటుంబానికి చెందిన ఒక చిన్న చెట్టును కనుగొన్నారు. దానికి ఆయన పేరు మీదనే హిబిస్కాడెల్ఫస్ వుడియై అని పేరు పెట్టారు. పసుపు రంగులో విచ్చుకొని, తరువాత ఊదా రంగుకు తిరిగే పువ్వులు దానివి. తెలిసిన చెట్లన్నీ చనిపోయాక 2016లో ఆ జాతి అంతరించిందని ప్రకటించారు. 2019లో అదే లోయలో, మనిషి అడుగుపెట్టలేని చరియ మీద, ఆ బొటానికల్ గార్డెన్‌లోనే పనిచేసే బెన్ నైబర్గ్ నడిపిన డ్రోన్ కెమెరాకు ఆ జాతి చెట్లు మూడు కనిపించాయి. అంతరించిందని రాసేసిన పేరును కొట్టివేసి మళ్ళీ రాయించిన ఘనత ఒక మామూలు కెమెరా డ్రోన్‌ది. అయితే ఆ డ్రోన్‌కు కన్ను ఉంది గానీ చేయి లేదు. చెట్టు ఎక్కడుందో తెలిసినంత మాత్రాన దాని విత్తనం నర్సరీకి చేరదు.

ఇక్కడే మాంబా రూపకల్పన మెచ్చుకోదగినది. కత్తెరను నేరుగా డ్రోన్‌కే బిగించి మొక్క దగ్గరికి తీసుకుపోతే సరిపోతుందని మనకు తోచవచ్చు. కానీ డ్రోన్ రెక్కల గాలి కిందికి విసురుగా కొడుతుంది. కోయవలసిన కొమ్మ నిలకడగా ఉండదు, పండిన విత్తనాలు కోయకముందే రాలిపోతాయి, పైగా చరియకు రెక్క తగిలితే మొత్తం యంత్రమే లోయలో పడుతుంది. అందుకని డ్రోన్‌ను దూరంగా పైన నిలిపి, పొడవాటి తాడుకు ఒక చిన్న వేదికను వేలాడదీసి, ఆ వేదికకు ముందుకు చాచిన చేయి, దాని కొసన కోసే పట్టుకారు అమర్చారు. బావిలో పడిన చేదను గాలం వేసి తీయడం లాంటి పనే ఇది, కాకపోతే ఈ గాలానికి సొంతంగా పక్కకు జరిగే శక్తి ఉంది: వేదికకు అమర్చిన చిన్న ప్రొపెల్లర్లు రెండు దిశలలోనూ తిరుగుతూ తాడు ఊగును అదుపు చేస్తాయి, చేతిని చరియ వైపుకు నెడతాయి. వేదిక మీది కెమెరాలో చూస్తూ దాన్ని నడిపేవారు కావలసిన కొమ్మను పట్టించి, కోయించి, జారిపోకుండా తెప్పిస్తారు. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన విల్కీసియా హాబ్డీ అనే కావాయి మొక్క ఇలా కోసుకొచ్చిన వాటిలో ఒకటి.

లోపాలు లేకపోలేదు. దీన్ని నడపడానికి డ్రోన్ పైలట్ ఒక్కరు చాలరు, వేదిక సంగతి చూసేవారు వేరే ఉండాలి. ఇద్దరికీ పొత్తు కుదరాలి. చరియలకు కొట్టే గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం కనుక పని చేయదగిన పూటలు కొన్నే ఉంటాయి. పైన రాతి చూరు ముందుకు పొడుచుకొచ్చిన చోట తాడు నిటారుగా దిగదు. ఇవన్నీ యంత్రానికి సంబంధించినవి. అంతకంటే పెద్ద పరిమితి మనిషికి సంబంధించినది: తెర మీద కనిపించే పచ్చటి మచ్చల్లో ఏది అరుదైన మొక్క, ఏది కలుపు అని చెప్పగలవారు పక్కన లేకపోతే ఈ చేయి దేన్ని కోయాలో దానికే తెలియదు. కోసిన కొమ్మకు వేళ్ళు పట్టించడం నర్సరీ వారి నేర్పు. డబ్బు పెట్టేవారు ఆ భాగాన్ని మరిచి యంత్రానికే మురిసిపోవడం నాకు మింగుడుపడదు.

మన శేషాచలం కొండల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే డ్రోన్ అనగానే అక్కడ ఎందుకు వాడరు అనే ప్రశ్న వస్తుంది. తిరుపతి, కడప కొండల్లో మాత్రమే పెరిగే, ఈత చెట్టును పోలిన సైకస్ బెడ్డోమి అనే అరుదైన మొక్కకు మాంబా అవసరం లేదు. అది మనిషి కాలినడకన వెళ్ళగల వాలుల మీద, గడ్డి మధ్య పెరుగుతుంది. ఎండకు గడ్డి ఎండిన కాలంలో దాని పచ్చని ఆకుల గుత్తిని పైనుంచి పోల్చుకోవడం తేలిక, కాబట్టి అక్కడికి చాలా తక్కువ ఖరీదులో వచ్చే కెమెరా డ్రోన్ చాలు. దట్టమైన చెట్ల నీడలో పెరిగే చిన్న మొక్కల కోసమైతే అదీ పనికిరాదు. ఫొటోలలో జీపీఎస్ గుర్తులు ఉంటాయన్నది మాత్రం మరువరాదు. ఎర్రచందనం దొంగలు తిరిగే కొండల్లో అరుదైన మొక్క చిరునామాతో సహా ఫొటోను అందరికీ పంచడం దొంగకు దారి చూపించడమే.

ఇక కొనుగోలు విషయం. మన దేశపు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల లోపు మైక్రో, 25 కిలోల లోపు స్మాల్ తరగతులు. వ్యాపారానికి కాని పనులకు మైక్రో డ్రోన్ నడిపేవారికి పైలట్ ధ్రువపత్రం అక్కర లేదు, కానీ మాంబా వంటి బరువును మోయగల డ్రోన్ ఆ తరగతిలో ఇమడదు. పైగా విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు అనుమతి తీసుకొని తెప్పించుకోవచ్చు. కనుక ఏ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర శాఖ అయినా ఈ పరికరం మీద మనసు పడితే, ముందు ఇక్కడ తయారైన డ్రోన్‌కు ఆ వేదికను తగిలించవచ్చునా అని తయారీదారులను అడగడం మంచిది.