ఎస్4: మూడేళ్ల వాడకం తరువాత

పొరలుగా పేర్చిన ఫోటోనిక్ స్ఫటికం (కాంతి తరంగదైర్ఘ్యపు స్థాయిలో పదార్థపు అమరిక పదేపదే పునరావృతమయ్యే నిర్మాణం) మీద పడిన కాంతిలో ఎంత వెనక్కి వస్తుంది, ఎంత అవతలికి పోతుంది అన్న లెక్కకు మూడేళ్లుగా నేను ఎస్4 అనే ఉచిత ప్రోగ్రామునే వాడుతున్నాను. విక్టర్ లియు, షాన్‌హుయి ఫాన్ 2012లో ప్రకటించిన ఈ ప్రోగ్రాము ప్రతి పొరలోని పదార్థపు అమరికను ఫూరియర్ శ్రేణిగా, అంటే సైన్ తరంగాల మొత్తంగా, విడగొట్టి, ఆ పొరలో సాగగల తరంగ రూపాలను కనుక్కొని, పొరలన్నిటినీ స్కాటరింగ్ మాత్రికలతో (పొరలోకి వచ్చే తరంగాలకూ బయటికి పోయే తరంగాలకూ ఉన్న సంబంధాన్ని చెప్పే పట్టికలతో) కలుపుతుంది. అంతకుముందు నేను రాసుకున్న, పొరకు ఒక వైపు తరంగాల నుంచి అవతలి వైపు తరంగాలను లెక్కించే ట్రాన్స్‌ఫర్ మాత్రిక ప్రోగ్రాములో పొర కాస్త మందమైతే చాలు, క్షీణించే తరంగాలకు జతగా వచ్చే ఘాతీయ పదాలు అదుపు తప్పి పెరిగి అంకెలన్నీ చెడిపోయేవి. ఇందులో ఆ బాధ నాకు ఒక్కసారీ ఎదురుకాలేదు.

ఎక్కువగా కలిసివచ్చినది పొర మందాన్ని మార్చే తీరు. తరంగ రూపాలు మందం మీద ఆధారపడవు కనుక, ఒక పౌనఃపున్యం దగ్గర వాటిని ఒకసారి కనుక్కున్నాక ఎన్ని మందాలు ప్రయత్నించినా పెద్దగా సమయం పట్టదు.

నేను చాలాకాలం మోసపోయిన చోటు వేరే ఉంది. కాంతిని శోషించని పదార్థంలో పరావర్తనం, ప్రసారం కలిపితే 1 రావాలి; వచ్చింది కదా అని ఫలితాన్ని నమ్మేవాడిని. అయితే ఈ పద్ధతిలో ఫూరియర్ పదాలు మరీ తక్కువైనా ఆ మొత్తం 1గానే ఉంటుంది. పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరును చెప్పే సంఖ్య) 12 ఉన్న పలకలో చదరపు జాలకంగా రంధ్రాలు పెట్టి, మందాన్ని జాలక దూరంలో (పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరంలో) 0.5 వంతుగా, రంధ్రపు వ్యాసార్థాన్ని 0.2 వంతుగా తీసుకుని చూశాను. 9 పదాలతో మొత్తం చక్కగా సరిపోయింది, కానీ 100 దాకా పెంచేసరికి ప్రసారపు గ్రాఫులో అనునాదం (ఒక పౌనఃపున్యం దగ్గర కాంతి పలకలో కాసేపు చిక్కుకోవడం) వల్ల వచ్చే సన్నని లోయ తన వెడల్పును మించి పక్కకు జరిగింది. అప్పటినుంచి పదాలు పెంచినా లోయ కదలడం లేదని చూసుకున్నాకే గ్రాఫు గీస్తున్నాను. ఈ జాగ్రత్త చవకేమీ కాదు: పదాలు రెట్టింపైతే లెక్కకు పట్టే సమయం సుమారు 8 రెట్లవుతుంది.

నిట్టనిలువుగా కాంతి పడినప్పుడు సౌష్ఠవం వల్ల కొన్ని అనునాదాలు అసలు కనిపించవు. కోణాన్ని అర డిగ్రీ వంచితే సూదిమొన లాంటి గీత ఒకటి బయటపడుతుంది, అదీ పౌనఃపున్యపు అడుగులు తగినంత చిన్నవైతేనే.

శోషణ ఉన్న పదార్థానికి పర్మిటివిటీ సంకీర్ణ సంఖ్య అవుతుంది, దాని కల్పిత భాగాన్ని ధనాత్మకంగా ఇవ్వాలి. ఆ గుర్తు తారుమారు చేసిన రోజు నా పలక కాంతిని మింగడం మాని పుట్టించడం మొదలుపెట్టింది. పరావర్తనం, ప్రసారాల మొత్తం 1 దాటాక గాని నా పొరపాటు నాకు తెలియలేదు. లోహపు నిర్మాణాలైతే ఫలితం స్థిరపడడానికి చాలా ఎక్కువ పదాలు కావాలి, ఫూరియర్ సూత్రీకరణను (పదార్థపు అంచుల దగ్గర శ్రేణిని రాసే పద్ధతిని) కూడా చూసి ఎంచుకోవాలి. జాలకంలో ఒకే ఒక్క లోపం ఉన్న నిర్మాణాన్ని లెక్కించాలంటే పెద్ద యూనిట్ సెల్ (లెక్కలో పదేపదే పునరావృతమయ్యే భాగం) తీసుకోక తప్పదు, అప్పుడు పదాల సంఖ్య చేయి దాటిపోతుంది. అలాంటి పనికి నేను కాలంలో అడుగులు వేస్తూ లెక్కించే మరో ప్రోగ్రాము మీప్‌నే ఆశ్రయిస్తున్నాను.