చోడి అంబలా, కాల్షియం బిళ్లా: ముట్లుడిగే వయసులో ఎముకలకు ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్లలో నలభై అయిదు దాటిన ఆడవారు నలుగురు కూర్చుంటే నడుము నొప్పి మాట రాకుండా ఉండదు. వెంటనే ఒకరు చోడి (రాగి) అంబలి తాగమంటారు, మరొకరు కాల్షియం బిళ్ల వేసుకోమంటారు. రెండింటికీ సమర్థకులున్నారు గాని, రెండింటినీ తూచి చూసినవారు తక్కువ.

నొప్పులుంటే ఎముకలు గుల్లబారినట్టే అనే అపోహను ముందుగా తొలగించుకోవాలి. మోకాళ్ల నొప్పి చాలావరకు కీళ్ల అరుగుదల వల్ల వచ్చేది. ఎముకలు గుల్లబారడం మాత్రం ఏ నొప్పీ లేకుండా సాగిపోయి, వాకిట్లో జారిపడి మణికట్టో తుంటో విరిగిన రోజున బయటపడుతుంది. పాత ఎముక కరగడం, కొత్త ఎముక ఏర్పడడం జీవితమంతా జరిగేవే అయినా, ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గిపోవడంతో కరిగేది పెరిగి, మొదటి అయిదు నుంచి ఏడేళ్లలోనే కొందరు స్త్రీలు ఎముక సాంద్రతలో 20 శాతం దాకా కోల్పోతారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీయించుకున్నవారికి ఈ లెక్క ఆపరేషన్ నాటి నుంచే మొదలవుతుంది.

ఈ దశలో స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సవరించిన ప్రమాణాలు చెబుతున్నాయి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాలలో దీనికి సాటి లేదు. అయితే ఆ అంకె గింజలది, గ్లాసులోని అంబలిది కాదు. మా పిన్ని ఒక్క మనిషికి అంబలి కాచేటప్పుడు వేసే గుప్పెడు పిండిని నేను తూచి చూస్తే 30 గ్రాములే తూగింది. అంటే ఆ పెద్ద గ్లాసుడు అంబలిలో 110 మిల్లీగ్రాములకు మించి కాల్షియం లేదు. దానిలోనూ చోళ్లలో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు కొంత ఒంటికి పట్టనివ్వవు; రాత్రంతా పులియబెట్టినా, చోళ్లను మొలకెత్తించి పిండి పట్టించినా ఆ అడ్డు తగ్గుతుంది కనుక, అప్పటికప్పుడు కాచే జావకంటే పాత పద్ధతిలో పులిసిన అంబలే నయం. ఎండాకాలంలో అంబలి మాని పఖాళ అన్నానికి (నీళ్లలో నానబెట్టిన అన్నం) మారే ఇళ్లలో ఆ కొంచెమూ పోతుంది, ఎందుకంటే బియ్యంలో కాల్షియం నామమాత్రం.

బిళ్ల సంగతి వేరు. అంకెలు చూస్తే అది సులభంగా గెలుస్తుంది: 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ బిళ్లలో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములు. కాని ఒక్కసారి 500కు మించి వేసుకుంటే ఒంటికి పట్టే వంతు తగ్గుతుంది. కార్బొనేట్ రకాన్ని భోజనంతోనే వేసుకోవాలి. గ్యాస్ మందులు వాడేవారికి సిట్రేట్ రకం మేలు. మా పిన్ని పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ బిళ్ల, ఐరన్ బిళ్ల, కాల్షియం బిళ్ల మూడింటినీ అరచేతిలో పోసుకుని ఒకేసారి టీతో మింగేది. ఇవి ఒకదాన్ని ఒకటి పట్టనివ్వవు. కాల్షియానికీ థైరాయిడ్ మందుకూ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. మూత్రపిండాలలో రాళ్లు వచ్చినవారు డాక్టరును అడగకుండా బిళ్ల మొదలుపెట్టరాదు. ఆహారంలోని కాల్షియంతో ఆ భయం లేదు.

నా లెక్క ఇది. రోజులో 50 గ్రాముల చోడి పిండి, 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో, 50 గ్రాముల మునగాకు, పొట్టు తీయని నువ్వులతో చేసిన ఒక చిమ్మిలి ఉండ తినే స్త్రీకి దాదాపు 800 మిల్లీగ్రాములు అందుతాయి. ఎండు మెత్తళ్లను ముళ్లతో సహా తినేవారికి మరికొంత చేరుతుంది. అలాంటి ఇంట్లో లోటు ఒక్క బిళ్లతో తీరుతుంది, రెండోది అనవసరం. పాలు ముట్టనివారికి, అన్నం పప్పుతోనే రోజు గడిపేవారికి మాత్రం మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అవసరం కావచ్చు. కాబట్టి పునాది తిండిదే, బిళ్ల లోటు పూడ్చడానికే అని నా అభిప్రాయం; అంబలి ఒక్కటే చాలుననే మాటను మాత్రం నేను ఒప్పుకోను.

విటమిన్ డి లేకపోతే ఈ రెండూ సరిగా పట్టవు. పొలంలో పనిచేసినా ఒళ్లంతా చీర కప్పుకునేవారికి కూడా అది తక్కువగా ఉండవచ్చు. అలాగని 60,000 యూనిట్ల గుళికలను డాక్టరు చెప్పిన వారాలు దాటి వాడుకుంటూ పోవడం ప్రమాదం. ఇప్పటికే ఎముక విరిగినవారికి, ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు (పడుచు వయసు ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ వచ్చినవారికి అంబలీ బిళ్లా రెండూ చాలవు, వారానికి ఒకసారి వేసుకునే, ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రొనేట్ వంటి మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి. మడమకు జెల్ రాసి చేసే శిబిరాల పరీక్ష అనుమానం కలిగించడానికే పనికొస్తుంది, నిర్ధారణకు కాదు.

ఇప్పుడు మా పిన్ని థైరాయిడ్ బిళ్ల నిద్ర లేవగానే, ఐరన్ సాయంత్రం, కాల్షియం రాత్రి అన్నంతో వేసుకుంటోంది. అంబలిలో పిండి మాత్రం ఇంకా గుప్పెడే వేస్తోంది, రెండు గుప్పెళ్లయితే గొంతు దిగదంటుంది.