రెండు పట్టీల గౌను: నాలుగేళ్ల వాడకం తర్వాత

అమెరికాలో ఒక స్నేహితురాలి పెళ్లికి తోడిపెళ్లికూతురిగా నిలబడవలసి వచ్చినప్పుడు, పట్టీలను రకరకాలుగా చుట్టుకుని కట్టుకునే గౌనుకు, 1970ల నాటి పద్ధతిలో మళ్ళీ అచ్చువేసిన ప్యాటర్న్ (బట్ట కత్తిరించుకునే నమూనా కాగితం) ఒకటి కొని నేనే కుట్టుకున్నాను. ఇది జరిగి నాలుగేళ్లయింది. అదే కాగితంతో ఇప్పటికి మూడు గౌన్లు కుట్టాను.

1974లో ఫ్యాషన్ డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ర్యాప్ డ్రెస్‌కూ (ఒంటికి చుట్టి నడుము దగ్గర ముడి వేసుకునే గౌను) దీనికీ సాగే జెర్సీ అనే అల్లిక బట్టలోనూ, జిప్పు లేకపోవడంలోనూ పోలిక ఉంది. ఆ డ్రెస్‌కు మాత్రం చేతులు, కాలరు ఉండేవి. ఇందులో పైభాగమంటూ కత్తిరించేది లేదు. గుండ్రటి అంబ్రెల్లా కట్ స్కర్టు, నడుము పట్టీ, ముందువైపు కుట్టిన రెండు పొడవాటి పట్టీలు ఉంటాయి. ఆ పట్టీలను ఎటు తిప్పి చుట్టుకుంటే అదే జాకెట్టు అవుతుంది. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకునే అలవాటులో పెరిగిన నాకు, ఛాతీ కొలతే అడగని కుట్టు మొదట నమ్మశక్యంగా అనిపించలేదు.

లెక్క నిజంగానే తేలిక. నడుము చుట్టుకొలతను 6.28తో భాగిస్తే మధ్యలో కత్తిరించవలసిన గుండ్రానికి వ్యాసార్ధం వస్తుంది. నా 76 సెంటీమీటర్ల నడుముకు అది 12. అయితే 150 సెంటీమీటర్ల పన్నా ఉన్న బట్టలో అతుకు లేకుండా స్కర్టు తీస్తే పొడవు 63 సెంటీమీటర్లకు మించదు కాబట్టి, మోకాలి కిందికి కావాలనుకునేవారు రెండు సగాలుగా కత్తిరించుకోవాలి. పట్టీల పొడవు మన ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. నాకు 240 సెంటీమీటర్లు పట్టింది. మొత్తం నాలుగు మీటర్ల బట్ట. ముందువైపు రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి కనీసం పది సెంటీమీటర్లు పడేలా కుట్టకపోతే, వంగినప్పుడల్లా చెయ్యి ఛాతీమీదికి పోతుంది.

మొదటి గౌను నా తొందర వల్లే పాడైంది. గుండ్రటి స్కర్టులో కొంత భాగం పోగుకు ఏటవాలుగా పడుతుంది కనుక బట్ట అన్నివైపులా ఒకేలా సాగదు. కనీసం ఒక రోజు వేలాడదీశాకే అంచు సరిచేయాలి. నేను ఆ రాత్రే మడిచి కుట్టేశాను. నెల తిరగకుండానే అంచు వంకరపోయింది. రెండోసారి లైక్రా (సాగే పోగు) కలిసిన విస్కోస్ అల్లిక బట్ట తీసుకుని, బాల్‌పాయింట్ (మొన గుండ్రంగా ఉండే) సూదితో జిగ్‌జాగ్ కుట్టు వేసి, అంచు మడవకుండా వదిలేశాను. అల్లిక బట్ట పోగులు ఊడవు కనుక అది నేటికీ చెక్కుచెదరలేదు.

ప్యాటర్న్‌తో వచ్చిన కాగితంలో ఎన్నో చుట్టుళ్ల బొమ్మలున్నా నేను నిలకడగా వాడేవి మూడే: మెడ వెనక ముడి, రెండు భుజాలమీదుగా వెనక్కి అడ్డంగా, ఒక భుజం. మిగిలినవి అద్దం ముందు బాగుంటాయి, భోజనాల బల్ల దాకా నిలవవు. లోదుస్తుల సమస్య మాత్రం తీరనిది. పట్టీల్లేని బ్రా ఇష్టపడనివారు లోపల అదే బట్టతో ఒక ట్యూబ్ టాప్ కుట్టుకోవడమే దారి. ఇక పట్టీలు చుట్టుకోవడానికి, చీర కుచ్చిళ్లు అలవాటైన చేతులకు కూడా మొదట్లో పావుగంట పడుతుంది.

మూడో గౌనుకు పట్టీల వెడల్పును 28 సెంటీమీటర్ల నుంచి 22కు తగ్గించాను. నడుము దగ్గర ఉబ్బు పోయింది, కానీ ఒక భుజం చుట్టుడుకు ఛాతీ కప్పడానికి పట్టీ చాలడం లేదు. దాన్ని మెడ ముడికే ఉంచుకున్నాను.