కోరంగిలో పాటు వేళ

గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి కాకినాడలో రెండు రాత్రులకు లాడ్జి తీసుకున్నాం. బుకింగ్ ఫొటోలో కిటికీ నిండా సముద్రం. తీరా తెరిస్తే పక్కింటి వాటర్ ట్యాంకు. వేడినీళ్లు ఎనిమిదింటికే ఆపేస్తామని ఎనిమిదిన్నరకు చెప్పారు. ఆ లాడ్జికి మళ్లీ వెళ్లను.

కోరంగి మడ అడవికి ఆటోలో వెళ్లాం. చెక్కబాట మీద నడక ఈ ట్రిప్పులో అన్నింటికన్నా బాగుంది. పాటు తీసి నీళ్లు వెనక్కి వెళ్లడంతో కింద బురద నల్లగా మెరుస్తోంది. మడచెట్ల శ్వాసవేర్లు పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య పీతలు, బురదలో గెంతే చిన్న చేపలు.

తర్వాత పడవ. "ఇప్పుడొద్దండి, పోటొచ్చాక వెళ్దాం" అని సరంగు చెప్పినా వినలేదు. పావుగంటకే పడవ మేట మీద కూర్చుంది. తప్పు మాదే కాబట్టి నోరు మూసుకుని గంటన్నర ఆగాం.

ఆగినందుకు బురదని తీరిగ్గా చూశాను. గోదావరి నీళ్లలో బంకమట్టి రేణువులు విడివిడిగా తేలుతూ వస్తాయి. ఉప్పునీరు తగలగానే ఒకదానికొకటి అంటుకుని, గుత్తులై, బరువెక్కి దిగిపోతాయి. అయితే అలలు చెదరగొట్టకూడదు. అలలని అడ్డుకునే పని ఇక్కడ హోప్ ఐలాండ్ చేస్తోంది. అలలు ఉత్తరానికి నెట్టిన ఇసుకతో సుమారు 200 ఏళ్లలో పెరిగిన తిన్నె అది. దాని చాటున కాకినాడ అఖాతం మేట వేస్తోంది.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మారిపోతుంది. 20,000 ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందుండేది. ఒడ్డు బాగా తూర్పున ఉండడంతో నదుల ఒండ్రు చాలావరకు లోతు సముద్రంలోకే జారిపోయేది. మంచు కరిగి నీరు పెరుగుతున్నకొద్దీ నదీముఖాలు మునిగి, మట్టి ఒడ్డు దగ్గరే చిక్కుకోసాగింది. దాదాపు 7,000 ఏళ్ల కిందట ఆ పెరుగుదల నెమ్మదించాకే ఒండ్రు సముద్రాన్ని వెనక్కి నెట్టడం మొదలుపెట్టింది. కోనసీమ కొబ్బరితోటలున్నది ఆ మట్టి మీదే. బరువు ఇసుక నది సముద్రంలో కలిసే మొగ దగ్గరే ఆగిపోతుంది, సన్నని బురద ఇంకా ముందుకు పోయి సముద్రం అడుగున పరుచుకుంటుంది. అంటే మా పడవ కింది మేట ఆ పెద్ద పరుపుకి ఈ కొస అన్నమాట.

సాయంత్రం ఉప్పాడ. అక్కడ సముద్రం ఊరిని కోసేస్తోంది. రాళ్లు పోశారు, అయినా బీచ్ రోడ్డు పదేపదే దెబ్బతింటోంది. టికెట్ లేదు, గైడూ లేడు, కానీ తీరం ఎంత అస్థిరమో ఇక్కడ బాగా తెలుస్తుంది. జాందానీ చీరల కొట్టుకు మాత్రం వెళ్లకుండా ఉండాల్సింది, పర్సు అక్కడే ఖాళీ అయింది.

రెండోరోజు పోటు మీద మళ్లీ కోరంగి వెళ్లాం. పడవ హాయిగా సాగింది, కానీ బురదంతా నీళ్ల కిందే. పిల్లలతో వెళ్లేవాళ్లకి పోటు మంచిది. నేనైతే పాటు వేళ చెక్కబాట మీద నడిచి, పోటొచ్చాకే పడవ ఎక్కుతాను. ఆ టైములు రోజూ దాదాపు 50 నిమిషాలు జరుగుతుంటాయి, ముందురోజే సరంగులని అడగండి. మార్చుకోడానికి ఇంకో జత చెప్పులు కూడా పెట్టుకోండి.