పిల్లల సైకిల్‌కి ఏ బ్రేకు మేలు: మామూలుదా, పవర్ బ్రేకా, బ్యాండ్ బ్రేకా?

వానలు పట్టిన దగ్గర్నుంచి మా కొరాపుట్‌లోనూ, కింద జయపురంలో ఉన్న మా చుట్టాల్లోనూ ఒకటే ప్రశ్న. "అన్నయ్యా, పాప సైకిల్‌కి బ్రేకు పట్టట్లేదు. మొత్తం తీయించేసి పవర్ బ్రేకు వేయించెయ్యనా?" జయపురం చదును నేల. అక్కడి పిల్లలు కాలు కింద ఆనించి ఆపేస్తారు, పోతే చెప్పులు పోతాయి. మా కొండ మీద అలా కుదరదు. గుమ్మం దాటితే దిగుడే, ఆ దిగుడు చివర బస్సులు తిరిగే రోడ్డు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

ముందు పవర్ బ్రేకు సంగతి. పట్టు దానిదే ఎక్కువ, అందులో అనుమానం లేదు. బ్రేకు చేతులు రెండూ పొడుగ్గా చక్రానికి చెరో పక్కన నిలబడతాయి కాబట్టి కొద్దిగా నొక్కినా రబ్బరు రిమ్మును గట్టిగా అదుముతుంది. అయితే ఆ చేతులు నిలబడటానికి చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద రెండు వైపులా వెల్డింగ్ చేసిన పిన్నులు ఉండాలి. అవి లేని సైకిల్‌కి పవర్ బ్రేకు వేయలేరు. కొనేసి ఇంటికి తెచ్చాక ఈ విషయం తెలిసినవాళ్లను ఇద్దరిని చూశాను. పిన్నులు ఉన్నా లివర్లు కూడా మార్చాలి. పవర్ బ్రేకుకి వైరు ఎక్కువ దూరం లాగాలి, మామూలు బ్రేకు లివరు అంత లాగలేదు. పాతది అలాగే ఉంచితే లివరు వెళ్లి హ్యాండిల్‌కి ఆనుకుంటుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మామూలు బ్రేకు అంటే ఒకే బోల్టు మీద రెండు చేతులూ తిరిగేది. ఇది పట్టదనే మాట చాలాసార్లు అన్యాయం. పట్టనిది బ్రేకు కాదు, దాన్ని లాగే వైరు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

బ్యాండ్ బ్రేకు వెనక చక్రం ఇరుసు దగ్గర డ్రమ్ము చుట్టూ పట్టీ బిగిసే రకం. రిమ్ము తడిసినా, ఎర్రమట్టి అంటుకున్నా దానికి పెద్ద లెక్క లేదు, వానల ఊరికి అది మంచి గుణం. పొడుగాటి దిగుడులో ఆపకుండా నొక్కితే మాత్రం వేడెక్కి పట్టు తగ్గుతుంది. పైగా అది వెనక చక్రానికే. సైకిల్ ఆగే బలంలో ఎక్కువ వాటా ముందు చక్రానిది. కాబట్టి వెనక బ్యాండ్ ఉన్నా ముందు బ్రేకు బాగుండి తీరాలి.

డిస్క్ బ్రేకు చిన్నపిల్లలకు వద్దు. బరువు పెరుగుతుంది, సైకిల్ పడ్డప్పుడల్లా ఆ రేకు వంగుతుంది. వెనక్కి తొక్కితే ఆగే రకం ఇక్కడి షాపుల్లో నాకు కనపడలేదు.

ఇక నా దృష్టిలో అసలు తేల్చేది: పిల్ల వేళ్లు. మా పాపకు ఏడేళ్లు, 20 అంగుళాల సైకిల్. కిందటి వానాకాలం రెండుసార్లు రబ్బర్లు మార్పించాను, అయినా ఆగలేదు. ఓ సాయంత్రం కాలువ గట్టుకు గుద్దుకుని మోచెయ్యి చీరుకుపోయింది. మర్నాడు మా వీధి దిగువన ఉన్న మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఒడియా మనిషి, మాతో తెలుగే మాట్లాడతాడు. బ్రేకు వంక చూడనేలేదు. పాపను సీటు మీద కూర్చోబెట్టి "నొక్కమ్మా" అన్నాడు. దాని వేళ్ల చివరి కణుపులు మాత్రమే లివరుకి తగులుతున్నాయి. గోళ్లు తెల్లబడేలా నొక్కుతోంది పాపం, లివరు సగం దూరం కూడా కదలట్లేదు. నేను పెద్ద చేత్తో నొక్కి చూసి "బానే పడుతోందిగా" అనుకున్నదంతా ఇక్కడే తప్పింది.

తర్వాత నట్టు సడలించి లోపలి వైరు లాగితే తొడుగులోంచి తుప్పు కలిసిన నీళ్లు బొట్లు బొట్లుగా కారాయి. లోపలి వైరూ పై తొడుగూ రెండూ కొత్తవి వేశాడు. లోపలిది ఒక్కటే మార్చి పాత తొడుగులో దూర్చేవాళ్లున్నారు, ఆ తుప్పులో కొత్త వైరు కూడా పట్టేస్తుంది. లివరు మొదట్లో ఉన్న చిన్న స్క్రూ బిగించి లివరును హ్యాండిల్ దగ్గరికి తెచ్చాడు. ఇలా తెచ్చినప్పుడు వైరు బిగుసుకుని రబ్బర్లు రిమ్ముకి రాసుకుంటాయి, వైరు కాస్త వదిలి మళ్లీ నట్టు బిగించాలి. గట్టిగా నొక్కినా లివరుకీ హ్యాండిల్‌కీ మధ్య వేలు పట్టేంత సందు మిగలాలి. ఆ స్క్రూ లేని ప్లాస్టిక్ లివర్లయితే, చిన్న చేతులకు సరిపోయే లివరు అదే బ్రేకుకి తగినది చూసి మార్చుకోండి.

రబ్బర్లు ఇంట్లోనే సర్దుకోవచ్చు, మామూలు బ్రేకుకి 10 నంబరు పానా చాలు. మొదట చక్రం వంకర తీయించండి, అది ఊగుతుంటే ఏ సర్దుబాటూ నిలవదు. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య అటూ ఇటూ 2 మిల్లీమీటర్ల లోపు ఖాళీ ఉంచండి. రబ్బరు టైరుకి తగలకూడదు, తగిలితే టైరు పక్క కోసుకుపోతుంది. కీచుమంటుంటే రబ్బరు వెనక కొస కింద పెళ్లి కార్డు మందం ముక్క పెట్టి బిగించి తీసేయండి, ముందు కొస ముందుగా ఆనుతుంది, అరుపు ఆగుతుంది. మెరుపెక్కిన రబ్బర్లను గరుకు కాగితంతో రుద్దండి. రిమ్ము మీద నూనె చుక్క కూడా పడనివ్వకండి.

కొత్తది కొనేవాళ్లు పవర్ బ్రేకు, అల్యూమినియం రిమ్ము ఉన్నది అడగండి. మెరిసే స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. ఇంట్లో మామూలు బ్రేకు సైకిల్ ఉన్నవాళ్లు మాత్రం మార్చకండి. వైరూ తొడుగూ కొత్తవి వేసి, లివరు పిల్ల వేళ్లకు అందేలా తెండి. మా పాప సైకిల్‌కి ఇప్పటికీ ఆ పాత బ్రేకే. నేను వెనకనుంచి తోస్తుంటే తను సీటు మీద కూర్చుని ముందు బ్రేకు లివరు ఒక్కటే నొక్కుతుంది, చక్రం కదలదు. కొత్త వైరు వేసిన వారం పది రోజులకు తొడుగు కొసలు సర్దుకుని లివరు వదులవుతుంది. అప్పుడు వైరు తొడుగు చివరనున్న, చేత్తో తిప్పే గరుకు నట్టును ఒకటి రెండు చుట్లు బయటికి తిప్పితే చాలు, షాపుదాకా వెళ్లక్కర్లేదు.