అద్దాలు పగలగొట్టే కొడుకు, అద్దాలు బిగించే నాన్న

చాప్లిన్ మూకీ సినిమా 'ది కిడ్' (1921) పెట్టగానే మా ఆరేళ్ల అమ్మాయి "మాటల్లేవా?" అని మూతి ముడుచుకుంది. తెర మీద అక్షరాలు వచ్చినప్పుడల్లా నేను చదివి వినిపించాలని ఒప్పందం. పది నిమిషాలయ్యాక నేను చదవడం మానేసినా తను పట్టించుకోలేదు.

చెత్త పక్కన దొరికిన పసిగుడ్డును ఎవరికైనా అంటగట్టాలని తిరిగి తిరిగి, చివరికి రోడ్డు పక్కన చతికిలబడతాడు దేశదిమ్మరి చాప్లిన్. మురుగు కాలవ మూత కాస్త ఎత్తి లోపలికి చూస్తాడు. ఒక్క క్షణమే. మళ్లీ మూసేస్తాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వినందుకు సిగ్గూ వేసింది. తర్వాత కాఫీ కెటిల్‌ని తాడుకి వేలాడదీసి, దాని మూతికి పాలపీక తగిలించి బిడ్డకి పాలు పట్టే ఏర్పాటు చేస్తాడు. అది చూసి మాత్రం హాయిగా నవ్వుకున్నాను.

ఐదేళ్లు గడిచేసరికి తండ్రీకొడుకులది ఒకటే వ్యాపారం. పిల్లాడు రాయి విసిరి కిటికీ అద్దం పగలగొట్టి పారిపోతాడు; కాసేపటికి వీపున అద్దాలు మోసుకుంటూ నాన్న అటుగా వస్తాడు. పోలీసుకి అనుమానం వస్తుంది. వెంటబడుతున్న కొడుకుని, వీడెవడో నాకు తెలీదన్నట్టు కాలితో తోసేస్తాడు చాప్లిన్. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. అదే మనిషి, అనాథాశ్రమం వాళ్లు పిల్లాణ్ణి బండెక్కించి తీసుకుపోతుంటే ఇళ్ల కప్పుల మీద పరిగెత్తి, బండిలోకి దూకి వాణ్ణి ముద్దులతో ముంచెత్తుతాడు. ఇందాక తోసేసిన కాలు గుర్తుండబట్టే ఇక్కడ నాకు గొంతు పట్టేసింది. చేతులు చాచి ఏడ్చే ఆ పిల్లాడు, జాకీ కూగన్, నటిస్తున్నాడని అనిపించదు. ఏడేళ్లప్పుడు చాప్లిన్ కూడా లండన్‌లో పేదల వర్క్‌హౌస్‌కి (పని చేయించుకుని తిండీ నీడా ఇచ్చే చోటికి) వెళ్లినవాడే.

నచ్చనివీ ఉన్నాయి. బిడ్డను వదిలేసిన తల్లి కథలో శిలువ మోసే క్రీస్తు బొమ్మను చూపించడం మరీ నొక్కి చెప్పినట్టుంది. రెక్కలు కట్టుకుని ఎగిరే స్వర్గం కల సాగదీత. రెక్కల కుక్క మాత్రం మా ఇంట్లో సూపర్ హిట్!

1971లో చాప్లిన్ తనే సంగీతం కూర్చి, తల్లి సీన్లు కొన్ని కత్తిరించాడు. ఆ వెర్షన్ గంటలోపే అయిపోతుంది, పిల్లలతో చూడడానికి అదే నయం.

చివర్లో, కొడుకు మళ్లీ దొరికిన తల్లి తన ఇంటి తలుపు తీసి చాప్లిన్‌ని లోపలికి పిలుస్తుంది. తలుపు మూసుకోగానే మా అమ్మాయి అడిగింది: "వాడింక అద్దాలు పగలగొట్టడుగా, మరి నాన్నకి పనెలా?"