అఖాతం ఒడ్డున బేస్‌బాల్: ఓరాకిల్ పార్క్ అనుభవం

తిరుపతి నుంచి మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, లాస్ ఏంజెలెస్‌లో కారెక్కి దారిలో ఊళ్ళు చూసుకుంటూ శాన్ ఫ్రాన్సిస్కో చేరి, జెయింట్స్ జట్టు సొంత మైదానమైన ఓరాకిల్ పార్క్‌లో ఒక ఆట చూశాము. 2000లో ప్రారంభమైన ఈ స్టేడియంలో కుడివైపు గోడ దాటితే నీళ్ళే. మహా ఆటగాడు విల్లీ మేస్ చొక్కా సంఖ్య 24 కాబట్టి, ఆయన గౌరవార్థం ఆ గోడను 24 అడుగుల ఎత్తున కట్టారని అల్లుడు చెప్పినప్పుడు నా మనసు నిండిపోయింది. గోడ అవతల మెకోవీ కోవ్ అనే అఖాతపు చిన్న పాయలో చిన్న పడవలవాళ్ళు, బంతి నీళ్ళలో పడితే అందుకోవాలని ఓపికగా ఎదురుచూస్తుంటారు.

తిరుపతిలో యూనివర్సిటీ మైదానంలో క్రికెట్ చూసేటప్పుడు శేషాచలం కొండలు కంటికి ఎంత తోడుగా ఉంటాయో, ఇక్కడ పై అంతస్తు సీట్లలో అఖాతం అంత తోడుగా ఉంటుంది. అందుకే ఖరీదైన కింది సీట్లకంటే నేను వాటినే మెచ్చుకుంటాను. టికెట్ లేనివారు సైతం ఒడ్డున ఉన్న నడకదారి నుంచి, గోడలోని తోరణాల గుండా కొంతసేపు ఉచితంగా చూడవచ్చు.

వేడివేడి వెల్లుల్లి ఫ్రైస్ తప్పక తినాలి. తరిగిన వెల్లుల్లి వేళ్ళకు అంటుకొని, మరునాడు కాఫీ గ్లాసు ఎత్తినా ఘుమఘుమలాడింది. జూలైలోనైనా సాయంత్రం గాలి చలిగా ఉంటుంది కనుక పెద్దవాళ్ళు శాలువా వెంట తీసుకువెళ్ళాలి.